బటన్ తెగితే బగ్ ఎవరిది? డిజైన్‌కీ బ్యాకెండ్‌కీ మధ్య ఫ్రంటెండ్: ఒక కేస్ స్టడీ

డయాగ్నస్టిక్ ల్యాబులు నడిపే ఒక సంస్థకి హైదరాబాద్‌లో మేం కట్టిన బుకింగ్ సైటు గురించి ఇది. సెంటర్ ఎంచుకోవడం, స్లాట్ తీసుకోవడం, ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్ళమని అడగడం, రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకోవడం. సైటు చేసే పని ఇంతే. మొదట ఇంగ్లీషులోనే వచ్చింది, పెద్ద గొడవలేం లేకుండా నడిచింది. జిల్లాల్లో సెంటర్లు తెరవడం మొదలుపెట్టాక తెలుగు కూడా పెట్టాలన్నారు. అప్పటిదాకా ఇంగ్లీషు చాటున దాక్కున్న లోపాలన్నీ అప్పుడు వరసగా పైకి తేలాయి.

ఈ ప్రాజెక్టులో నేను ఫ్రంటెండ్ లీడ్‌ని, అంటే బ్రౌజర్లో కనిపించే భాగం కట్టే టీముకి. సంస్థ పేరు, మనుషుల పేర్లు రాయను. ఫ్రంటెండ్ వాళ్ళు డిజైన్ కింద ఉండాలా, ఇంజినీరింగ్ కింద ఉండాలా అనే చర్చ ప్రతి కంపెనీలోనూ ఏడాదికోసారి వస్తుంది. ఈ ప్రాజెక్టు చూశాక నాకు ఆ చర్చ మీద ఆసక్తి తగ్గింది. ఏ నిర్ణయంలో ఫ్రంటెండ్ మాట చెల్లుతుందో ముందు తేలాలి. అది తేలకపోతే ఎక్కడ కూర్చోబెట్టినా అడకత్తెరలో పోకచెక్కే.

ఎవరు ఎక్కడ

డిజైనర్లు బెంగళూరులో, ప్రోడక్ట్ హెడ్ కింద. బ్యాకెండ్ (సర్వర్, డేటా చూసే) వాళ్ళు ఇక్కడ మాదాపూర్‌లో, ఇంజినీరింగ్ హెడ్ కింద. ఫ్రంటెండ్‌లో నలుగురం, మేమూ ఆయన కిందే. కాగితం మీద మేం ఇంజినీర్లమే. పని మాత్రం ఇలా వచ్చేది: స్క్రీన్లు డిజైన్లు గీసే ఫిగ్మాలో ఖాయమై వస్తాయి, ఏపీఐలు (సర్వర్‌ని డేటా అడిగే పద్ధతులు) వాటి వివరాలుండే స్వాగర్ పేజీలో ఖాయమై వస్తాయి, రెండిటినీ కలిపి కుట్టడం మా వంతు. డిజైన్ రివ్యూకి మమ్మల్ని పిలిచేవాళ్ళు కాదు. ఏపీఐ రివ్యూకి పిలిచేవాళ్ళు కానీ అన్నీ ఫ్రీజ్ అయ్యాకే. పని అప్పగించే టికెట్లో ‘ఈ స్క్రీన్ ఇంప్లిమెంట్ చేయాలి’ అని ఒక్క ముక్క, కింద ఫిగ్మా లింక్.

ఈ అమరిక ఎక్కడినుంచి వచ్చిందో అమీర్‌పేట చూసినవాళ్ళకి తేలిగ్గానే తెలుస్తుంది. ఒకప్పుడు అక్కడి ఇన్‌స్టిట్యూట్లలో వెబ్ డిజైనింగ్ అంటే ఫోటోషాప్, డ్రీమ్‌వీవర్, హెచ్‌టీఎంఎల్. జావా, డాట్‌నెట్ వేరే కోర్సు, వేరే ఫీజు. ఫోటోషాప్ ఫైలు ముక్కలు కోసి పేజీ చేసేవాడు డిజైనర్ పక్కన కూర్చునేవాడు, జీతమూ ఆ లెక్కలోనే ఉండేది. 2010లో యాంగులర్‌జేఎస్, 2013లో రియాక్ట్ అనే కోడ్ లైబ్రరీలు వచ్చాక బ్రౌజర్లో రాసే కోడ్ పెరిగింది, దాంతోపాటు ఆ మనిషి కుర్చీ కూడా ఇంజినీరింగ్ వైపు జరిగింది. జీతం పెరిగింది, మంచిదే. ఇంటర్వ్యూల్లో మాత్రం లింక్డ్ లిస్టు తిరగేయమని (ప్రోగ్రామింగ్ లెక్క) అడగడం మొదలుపెట్టారు, పేజీ రూపాన్ని తీర్చే సీఎస్ఎస్ గురించి అడగడం మానేశారు. ఫారంలో కర్సర్ ఏ వరసలో కదలాలో తెలిసిన మనిషి ఆ వడపోతలో బయటే ఉండిపోతాడని నా అనుమానం. అమెరికన్ వెబ్ డిజైనర్ బ్రాడ్ ఫ్రాస్ట్ ఈ చీలికకి ‘ఫ్రంట్ ఆఫ్ ద ఫ్రంటెండ్’, ‘బ్యాక్ ఆఫ్ ద ఫ్రంటెండ్’ అని పేర్లు పెట్టాడు. మా నలుగురిలో కూడా ఒకరికి సీఎస్ఎస్, యాక్సెసిబిలిటీ (వైకల్యం ఉన్నవాళ్ళూ వాడగలిగేలా చేయడం) మీద పట్టు, ఇంకొకరికి డేటా, స్టేట్ మీద. ఇద్దరి డెజిగ్నేషనూ ఒకటే.

‘సీ’ అని చదివించిన చిప్

పేషెంట్ వివరాల పేజీలో లింగం ఎంచుకోవడానికి మూడు చిప్‌లు, అంటే చిన్న బటన్లు: పురుషుడు, స్త్రీ, ఇతరులు. తెలుగు బిల్డ్ క్యూఏకి (పరీక్షించే టీముకి) వెళ్ళిన రోజే వరంగల్ అమ్మాయి ఒకామె స్క్రీన్‌షాట్ పెట్టింది: “అన్నా, స్త్రీ కింద ఒత్తులు కనబడ్తలేవు. గిట్ల ఉంటే ఎట్ల పాస్ చెయ్యాలె?” నిజమే. త ఒత్తూ క్రావడీ రెండూ తెగిపోయి, చూసేవాళ్ళకి ‘సీ’ లాంటిదేదో మిగిలింది.

బగ్ ముందు మా మీద పడింది. చిప్‌లో అక్షరం సైజు 14 పిక్సెళ్ళు, లైన్-హైట్ (ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) 16, చిప్ ఎత్తు 32. ఫిగ్మాలో ఉన్నది ఉన్నట్టే కోడ్‌లో ఉంది కాబట్టి మావాడు టికెట్‌ని డిజైన్‌కి తిప్పాడు. డిజైనర్ తన ఫైల్లో తెలుగు పదం పెట్టి చూసింది, ఒత్తులన్నీ కనిపిస్తున్నాయి, ‘కోడ్ సమస్య’ అని రాసి వెనక్కి పంపింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఫిగ్మా ఆ టెక్స్ట్ లేయర్లో లైన్ పెట్టె దాటిన గీతని కోయలేదు, అలాగే చూపించింది. బ్రౌజర్ కూడా మామూలుగా కోయదు. కానీ పేరు పొడుగైతే చివర చుక్కలు రావాలని డిజైన్‌లో ఉంది. సీఎస్ఎస్‌లో ఆ చుక్కలు రావాలంటే పెట్టె దాటినదాన్ని దాచేసే ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టాలి. అది పెట్టగానే 16 పిక్సెళ్ళ పెట్టె దాటిన ఒత్తు తెగిపోతుంది. పక్కకి పొడుగెక్కువైతే ఏం చేయాలో ఆలోచించారు, కిందకి దిగితే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. ఇంగ్లీషులో ఆ అవసరం రాదు మరి.

ఆ ఒక్క చిప్‌కి రెండు పిక్సెళ్ళు పెంచి బగ్ మూసేయొచ్చు, అలా మూసిన బగ్గులు బోలెడు. అసలు మందు వేరే. ఎత్తు ఖాయంగా పెట్టకుండా కనీస ఎత్తు, పైనా కిందా ఖాళీ (ప్యాడింగ్) పెట్టాలి. భాషని బట్టి లైన్-హైట్ మారాలి: ఇంగ్లీషుకి అక్షరం సైజుకి 1.4 రెట్లు అయితే తెలుగుకి 1.7. అది చేస్తే సైటులో ప్రతి కార్డూ పొడుగవుతుంది, మొదటి తెరలో నాలుగు ప్యాకేజీల బదులు మూడే కనిపిస్తాయి. ఇది డిజైన్ నిర్ణయమా, ఇంజినీరింగ్ నిర్ణయమా? రెండూ. అందుకే ఇద్దరిలో ఎవరి బ్యాక్‌లాగ్‌లోనూ (చేయాల్సిన పనుల జాబితాలో) లేదు.

డిజైనర్‌కి తెలుగు రాదు. ఆమెకి ఆ ఖాళీ ‘వదులుగా’ కనిపించింది, “ఇంత గ్యాప్ ఎందుకు, పేజీ చెల్లాచెదురుగా ఉంది” అంది. ఆమె మాటలో తప్పేం లేదు, కంటికి అలవాటైన కొలత అది. ‘స్త్రీల ఆరోగ్య పరీక్షలు’ అనే ప్యాకేజీ పేరు రెండు లైన్లలో వచ్చేలా కార్డు చేసి, లైన్-హైట్ మార్చుకుంటూ చూసుకోమని ఒక లింకు ఇచ్చాం. 1.3 దగ్గర పై లైను ఒత్తులు కింది లైను గుడిదీర్ఘాలకి తగులుతున్నాయి. తెలుగు రాకపోయినా అది కనిపిస్తుంది. ఆమె 1.7 నుంచి 1.65కి బేరమాడి ఒప్పుకుంది. అంతేకాదు, యాక్సెసిబిలిటీ ప్రమాణం డబ్ల్యూసీఏజీ ప్రకారం వాడేవాళ్ళు లైన్-హైట్‌ని అక్షరం సైజుకి 1.5 రెట్లకి పెంచుకున్నా పేజీలో ఏదీ తెగకూడదు, కాబట్టి ఖాయపు ఎత్తుల చిప్‌లు ఇంగ్లీషులోనూ తప్పే అని తనే టీముకి మెయిల్ రాసింది.

ఈ పనిలోనే ఇంకొకటి బయటపడింది. భాష తెలుగుకి మార్చినా పేజీ ఏ భాషలో ఉందో బ్రౌజర్‌కి చెప్పే లాంగ్ యాట్రిబ్యూట్ ఇంగ్లీషుగానే ఉంది. భాషని బట్టి లైన్-హైట్ మార్చాలన్నా, స్క్రీన్ రీడర్ సరైన గొంతుతో చదవాలన్నా దాని మీదే ఆధారం. అది ఫిగ్మాలో ఎక్కడా కనిపించదు, ఏపీఐలోనూ ఉండదు. ఫ్రంటెండ్ వాళ్ళు చూడకపోతే ఇంకెవరికీ అది పని కాదు.

మూడు అక్షరాలా, పదకొండా, ముప్ఫై మూడా

రెండో గొడవ పేరు దగ్గర. కొన్ని పేర్లు టైప్ చేసి సబ్మిట్ కొడితే ‘ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి’ అని వచ్చేది. ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే. సర్వర్ లాగ్స్‌లో ఒరాకిల్ డేటాబేస్ ఎర్రర్ ఓరా-12899: కాలమ్‌కి విలువ పెద్దదైంది, వచ్చింది 33, పట్టేది 30.

ఆ పేరు ‘శ్రీలక్ష్మి’.

డిజైనర్‌కి, నాకు, మీకు అది మూడక్షరాలు: శ్రీ, ల, క్ష్మి. బ్రౌజర్లో పొడవుకి హద్దు పెట్టే మ్యాక్స్‌లెంగ్త్ యూనికోడ్ సంకేతాల్ని లెక్కపెడుతుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం 11. వెనక ఉన్న పాత ల్యాబ్ సిస్టం ఒరాకిల్ మీద నడుస్తుంది. ఒరాకిల్‌లో మాటలు దాచే వార్‌చార్2 కాలమ్‌కి వేరే చెప్పకపోతే పొడవు బైట్లలోనే, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు. పదకొండు మూళ్ళు 33. స్పెక్‌లో (ఏం కట్టాలో రాసుకున్న పత్రంలో) ‘పేరు: 30 అక్షరాలు’ అని రాసుంది. దాన్ని మూడు టీములూ చదివాయి, మూడు రకాలుగా అర్థం చేసుకున్నాయి, ఎవరి ముక్క వాళ్ళ దగ్గర టెస్టులన్నీ పాసయ్యాయి.

“యూఐలో 10 దగ్గర ఆపేయండి, సరిపోతుంది” అన్నాడు బ్యాకెండ్ లీడ్. లెక్క ప్రకారం సరిగ్గానే ఆగుతుంది: శ్రీలక్ష్మిలో ఆఖరి గుడి పడదు, ‘శ్రీలక్ష్మ’ అవుతుంది. వెంకటసుబ్బలక్ష్మి గారి సంగతి చెప్పక్కర్లేదు. రక్త పరీక్ష రిపోర్టు మీద మనిషి పేరు సగంలో ఆగడం బాగుండదు సరే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేరు కలవకపోతే కాళ్ళరిగేలా తిరగాల్సింది పేషెంటే. “ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా” అన్నారు మీటింగులో. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు వరసగా కుప్పకూలింది ‘జ్ఞా’కి సంబంధించిన ఒక్క తెలుగు అక్షర కూర్పు వల్లే, ఆపిల్ దానికోసం ఐఓఎస్ 11.2.6 విడుదల చేయాల్సి వచ్చిందని మావాడు గుర్తుచేశాడు. నవ్వారు కానీ, ఆ తరవాత ‘ఒక్క అక్షరం’ అన్న మాట మళ్ళీ రాలేదు.

చివరికి కాలమ్‌ని బైట్ల నుంచి క్యారెక్టర్ల లెక్కకి మార్చి పెద్దది చేశారు. బ్రౌజర్లో మేం రెండు లెక్కలు పెట్టాం: ఆపడానికి సర్వర్ లెక్కే, మనిషికి చూపించే మాటలో అంకె లేకుండా ‘పేరు చాలా పొడుగ్గా ఉంది’ అని. కనిపించే అక్షరాల్ని లెక్కపెట్టి చూపిద్దామని బ్రౌజర్లో ఉండే ఇంట్ల్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడి చూశాం. ఒత్తుతో ఉన్న తెలుగు అక్షరాన్ని ఒక్కటిగా లెక్కించే నియమం 2023లో వచ్చిన యూనికోడ్ 15.1తోనే చేరింది, పాత బ్రౌజర్లలో లెక్క వేరేగా వస్తుంది. అందుకని వదిలేశాం.

సంక్రాంతి రోజు నిండిపోయిన స్లాట్లు

ఇది ఒత్తుల సంగతి కాదు, కానీ మూడిట్లో ఎక్కువ నష్టం చేసింది ఇదే.

స్లాట్ల పేజీకి డిజైనర్ రెండు వేరువేరు తెరలు గీసింది. సెంటర్ మూసి ఉంటే ‘ఈ రోజు సెలవు’, తెరిచి ఉండి ఖాళీ లేకపోతే ‘స్లాట్లు నిండిపోయాయి, దగ్గర్లో ఉన్న ఇంకో సెంటర్ చూడండి’. ఏపీఐ మాత్రం రెండు సందర్భాల్లోనూ ఖాళీ లిస్టే పంపుతుంది. మా టీం ఏర్పడకముందు నుంచే కోడ్‌లో ఒక షరతు ఉంది: లిస్టు ఖాళీగా వచ్చి ఆ రోజు ఆదివారం అయితే సెలవు, కాకపోతే నిండిపోయాయి. డిజైనర్ రెండు తెరలూ చూసి తృప్తి పడింది, బ్యాకెండ్‌కి ఈ షరతు ఉన్న సంగతే తెలియదు.

సంక్రాంతి ఆదివారం రాలేదు. సెంటర్లన్నీ మూసి ఉన్నాయి, సైటు ‘నిండిపోయాయి, ఇంకో సెంటర్ చూడండి’ అంటోంది. జనం ఇంకో సెంటర్ చూశారు, అక్కడా అదే, ఇంకోటి చూశారు. చివరికి కాల్ సెంటర్‌కి ఫోన్లు. అక్కడ కూర్చున్నవాళ్ళ తెర మీద కూడా అదే మాట, కాబట్టి వాళ్ళూ ‘ఫుల్ అండీ’ అనే చెప్పారు.

ఖాళీ లిస్టుతో పాటు కారణం కూడా పంపమని అడిగాం: సెలవు, నిండింది, ఇంకా తెరవలేదు. మూడే విలువలు. బ్యాకెండ్ లీడ్ జవాబు నాకిప్పటికీ గుర్తే: “ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ సెలవులు మా టేబుల్లో లేవు, సెంటర్ మేనేజర్ల వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి.”

సెంటర్ మేనేజర్ ముందురోజు గ్రూపులో మెసేజ్ పెడతాడు, ఆపరేషన్స్‌లో ఒకాయన సిస్టంలోకి వెళ్ళి ఆ రోజు స్లాట్లు తీసేస్తాడు. సిస్టం దృష్టిలో ‘సెలవు’ అనే సంగతే లేదు. బొమ్మలో ఉండి డేటాలో లేని తేడా అది. దాన్ని ఇన్నాళ్ళూ ఆదివారం లెక్కతో ఎవరో పూడ్చి ఉంచారు, కాబట్టి ఎవరికీ కనపడలేదు. స్క్రీన్ గీసే ముందే ‘ఈ తెర చూపించాలని నాకెలా తెలుస్తుంది?’ అని అడిగే మనిషి గదిలో ఉండుంటే, మొదటి నెలలోనే వాట్సాప్ గ్రూపు సంగతి తేలేది. ఆ ప్రశ్న సహజంగా వచ్చేది ఫ్రంటెండ్ వాళ్ళకే, ఎందుకంటే కోడ్‌లో ఆ షరతు, ఆ ‘ఇఫ్’, రాయాల్సింది వాళ్ళు.

ఏం మార్చాం

రిపోర్టింగ్ మార్చలేదు. మార్చమని అడిగినవాళ్ళున్నారు. సీఎస్ఎస్ తెలిసిన అబ్బాయిని కొన్నాళ్ళు డిజైన్ టీముకి ఇచ్చి చూశాం. కాంపొనెంట్లు అందంగా తయారయ్యాయి, కానీ మా కోడ్ దాచే రెపోలోకి రావడానికి మళ్ళీ ఇంకొకరు తిరగరాయాల్సి వచ్చింది. అటు వాళ్ళకి ఇతను కోడరు, ఇటు వాళ్ళకి డిజైనరు. వెనక్కి తెచ్చుకున్నాం.

మార్చింది ఒక పేజీ కాగితం. ఇద్దరికీ పడని చోట ఎవరి మాట చెల్లుతుందో దాని మీద రాసుకున్నాం. ఏది ముందు కనిపించాలి, రంగులు, మాటల స్వరం – డిజైన్ మాట. ఏది నిజం, ఎవరికి ఏ డేటా చూపించొచ్చు – బ్యాకెండ్ మాట. మార్కప్ (పేజీ హెచ్‌టీఎంఎల్), ఫోకస్ వరస (కర్సర్ కదిలే వరస), మాట పొడుగైతే పేజీ ఎలా సర్దుకోవాలి, డేటా రాకముందు ఏం కనిపించాలి, సగమే వస్తే ఏం చేయాలి, నెట్ పోతే ఏమవ్వాలి – ఫ్రంటెండ్ మాట. ఈ చివరి వాక్యం మీదే పోట్లాట జరిగింది. ‘నెట్ పోతే’ తెర కూడా తమదే అంది డిజైన్. గీయడం మీరు, ఎప్పుడు చూపించాలో మేం అని తేల్చుకున్నాం.

దీనితో పాటు రెండు అలవాట్లు పెట్టుకున్నాం. ఏ స్క్రీనైనా సైనాఫ్ (ఆమోదం) అయ్యేముందు మాలో ఒకరు దాన్ని స్క్రీన్ ముక్కల్ని విడిగా చూపించే స్టోరీబుక్‌లో, నిజం బ్రౌజర్లో, తెలుగులోనే పొడుగైన మాటలతో నిలబెట్టి చూపించాలి. ఆ మాటల జాబితా చిన్నదే, క్యూఏ అమ్మాయే తయారుచేసింది: స్త్రీ, నిర్ధారించండి, వెంకటసుబ్బలక్ష్మి, ‘మూత్రపిండాల పనితీరు పరీక్ష’ లాంటివి. రెండోది, కొత్త ఏపీఐకి మొదటి నమూనా జవాబు మేమే రాస్తాం. డిజైన్‌లో ఉన్న ప్రతి తెరకీ ఒక నమూనా జేసన్ (సర్వర్ డేటా పంపే రూపం). ఏ తెరకైనా రాయలేకపోతే, అది డిజైన్‌లో ఎక్కువైందో డేటాలో తక్కువైందో ఆ రోజే తెలుస్తుంది.

ఆ కాగితానికి మొదటి పరీక్ష ఫాంటు దగ్గర వచ్చింది. డిజైనర్‌కి తెలుగు మీద ఇష్టం పుట్టి, సిలికానాంధ్ర విడుదల చేసిన ఉచిత ఫాంట్లలో రామభద్ర శీర్షికలకీ, మండలి మిగతా పాఠానికీ పెడదామంది. చూడ్డానికి బాగుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో నోటో తెలుగు ఫాంటు ముందే ఉంటుంది, దాన్ని కాదని ఇంకో రెండు దించుకోమనడం జిల్లాల్లో నెట్ మీద భారమే. ఫాంటు ఆలస్యంగా వచ్చి మారితే పేజీ కిందకి జారుతుంది. గూగుల్ కొలమానంలో ఆ జారుడు 0.1 దాటకూడదు, పేజీలో అన్నిటికన్నా పెద్ద భాగం 2.5 సెకన్లలో కనిపించాలి. ‘వాడని అక్షరాలు కోసేసి ఫాంటు చిన్నది చేద్దాం’ అన్నారొకరు. తెలుగు ఫాంట్లో అక్షరాల కన్నా ఒత్తులు కలిసే నియమాలు ముఖ్యం, చూసుకోకుండా కోస్తే మళ్ళీ ‘సీ’ దగ్గరికి వస్తాం. మొదటి పేజీ బ్యానర్ శీర్షికకి మాత్రం రామభద్ర, మిగతాదంతా ఫోన్లో ఉన్న ఫాంటే అని తేల్చాం. కాగితం ప్రకారం ఫాంటు ఎంపిక డిజైన్‌ది, పేజీ ఎలా సర్దుకోవాలో మాది. ఒకే గంటలో ముగిసింది. అంతకుముందైతే అది మూడు స్ప్రింట్లు (పని విడతలు) టికెట్ల మధ్య తిరిగేది.

ఖర్చు, మిగిలిన పని

ఇది ఊరికే రాలేదు. నా సమయంలో చాలా భాగం మీటింగుల్లోకి పోయింది. ఇద్దరు జూనియర్లకి స్క్రీన్లు కట్టడం తప్ప వాదించే పని దొరకలేదు, వాళ్ళలో ఒకరు ఆ మాట మొహం మీదే చెప్పారు. ఇప్పుడు డిజైన్ రివ్యూకి వంతులవారీగా వెళ్తున్నారు. మొదట్లో బెంగళూరు వాళ్ళు ‘సీనియర్‌ని పంపండి’ అనేవారు, ఇప్పుడు అనడం లేదు. సైనాఫ్ ముందుకన్నా ఆలస్యమవుతోందని ప్రోడక్ట్ హెడ్ ఫిర్యాదు. ఆ మాట నిజం. రిలీజ్ ముందు రాత్రి ఫోన్లు తగ్గాయని ఆయనే ఒప్పుకుంటాడు, అదీ నిజమే.

సెలవులకి ఇప్పుడొక టేబుల్ ఉంది, సెంటర్ మేనేజర్లే నింపుతారు. వాట్సాప్ గ్రూపూ ఉంది, కొందరు రెండు చోట్లా పెడతారు, కొందరు గ్రూపులోనే పెడతారు.

కాల్ సెంటర్ వాళ్ళు వాడే లోపలి స్క్రీన్లు మాత్రం పాత పద్ధతిలోనే ఉన్నాయి. వాటికి డిజైనర్ లేరు, బ్యాకెండ్ వాళ్ళే రెడీమేడ్ అడ్మిన్ టెంప్లేట్ మీద కట్టారు, ఖాళీ లిస్టు వస్తే చాలు, అక్కడ ఇంకా ‘నిండిపోయాయి’ అన్న మాటే వస్తోంది. వచ్చే క్వార్టర్ ప్లాన్‌లో పెట్టమని అడిగాం. కస్టమర్లకి కనిపించనిదానికి ఎందుకంత తొందర అన్నారు. సంక్రాంతి రోజు రికార్డయిన కాల్స్‌లో కొన్ని తీసిపెట్టమని కాల్ సెంటర్ మేనేజర్ గారిని అడిగాను, ప్లానింగ్ మీటింగులో వినిపించడానికి.